అమ్మ కంప్యూటర్‌కి ‘పదకొండు’ వచ్చింది!

ఫోన్ అప్‌డేట్ అంటే మనకి లెక్కే లేదు. రాత్రి చార్జింగ్ పెట్టి, ‘ఇన్‌స్టాల్’ నొక్కి పడుకుంటాం. పొద్దున లేచేసరికి ఐకాన్లు కాస్త గుండ్రంగా మారి ఉంటాయి. నచ్చకపోతే నాలుగు రోజులు తిట్టుకుని అలవాటు పడిపోతాం. ఇంట్లో కంప్యూటర్ అలా కాదు. దాంట్లో ఏముందో రోజూ దాని ముందు కూర్చునే మనిషికి తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలీదు. అందుకే చాలా ఇళ్లలో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పాత విండోస్, పాత వాల్‌పేపర్, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ.

కానీ ఈసారి వాయిదా వేయడానికి వీల్లేని తేదీ ఒకటి వచ్చింది. 2015 జులై 29న విడుదలైన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. అంటే మర్నాటి నుంచి కంప్యూటర్ ఆన్ కాదని కాదు. అన్నీ నడుస్తాయి. కొత్తగా బయటపడే లోపాలకి ఉచితంగా నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఆగిపోతాయి. తలుపూ ఉంటుంది, తాళమూ ఉంటుంది, తాళం చెడిపోతే బాగుచేసే మనిషే రాడు.

మా ఇంట్లో ఆ తాళం చాలా ముఖ్యం. అమ్మ 2009 నుంచి తణుకులో ఇంటి దగ్గరే డీటీపీ చేస్తుంది. పెళ్లికార్డులు, గృహప్రవేశం ఆహ్వానాలు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. వచ్చినవాళ్లంతా పెన్‌డ్రైవ్ తెస్తారు. ఊళ్లో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఓసారి స్నానం చేసి వచ్చిన పెన్‌డ్రైవ్ అది. అదే మెషీన్‌లో అమ్మ బ్యాంకు పని కూడా చూసుకుంటుంది. అందుకే దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు విండోస్ 11 వేసే వస్తానని ముందే చెప్పాను.

“ఏమే, బాగానే పనిచేస్తోంది కదా. బాగున్నదాన్ని కెలకడం దేనికి?” అంది అమ్మ. కార్తీకంలో పెళ్లిళ్లున్నాయి, అప్పటికే నాలుగు కార్డుల అడ్వాన్సు తీసుకుని ఉంది.

ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగేనా?

అమ్మ భయం ఉత్త భయం కాదు. దానికి కారణం తెలియాలంటే తెలుగు డీటీపీ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి.

మన ఫోన్లలో టైప్ చేసే తెలుగు యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా కొన్ని నంబర్లు కేటాయించిన పద్ధతి అది. తొలి వెర్షన్ 1991లో వచ్చింది. అందులో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 గదులున్నాయి. ఏ ఫాంట్ వాడినా, ఏ ఫోన్‌లో తెరిచినా ‘అ’ అనేది ‘అ’గానే ఉంటుంది.

డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా నడుస్తున్న పాత ఫాంట్లు వేరు. అవి ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలు పెట్టేశాయి. కంప్యూటర్ దృష్టిలో అమ్మ టైప్ చేసిన శుభలేఖ అంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజే. ఆ ఫాంట్ ఉంటేనే అది ‘శ్రీరస్తు శుభమస్తు’ అని కనిపిస్తుంది. ఫాంట్ పోతే తెలుగు పోయినట్టే. పైగా ఆ ఫాంట్లకి కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ విడిగా ఉంటుంది. అది పనిచేయాలంటే యూఎస్‌బీలో ఒక తాళం, అదే డాంగిల్, గుచ్చి ఉండాలి. పేజీ పెట్టేదేమో పేజ్‌మేకర్‌లో. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! ఈ వ్యాసం చదివేవాళ్లలో కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండరు.

“పోయిన మేటర్ మళ్లీ టైప్ చేసుకోవచ్చే. కానీ పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే చిన్నమ్మాయికీ కావాలంటారు. పేర్లు, ముహూర్తం మార్చండి చాలు అంటారు. పాతది తెరుచుకోకపోతే వాళ్లకి ఏం చెప్పను?” అంది.

పదహారేళ్ల ఫైళ్లు. ఊళ్లో సగం ఇళ్ల శుభకార్యాలు, అశుభాలు అందులోనే ఉన్నాయి.

‘మీ పీసీ పనికిరాదు’ అంటే నమ్మేయకండి

మెషీన్ 2018లో అసెంబుల్ చేయించింది. ఐ3-8100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11కి కావాల్సినవి ఇవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0. ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో కూడా ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి. అమ్మది సరిగ్గా గీత మీద ఉంది.

మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ వేసి చూస్తే కుదరదని చెప్పింది. టీపీఎం లేదట, సెక్యూర్ బూట్ లేదట. ఇక్కడే చాలామంది నిరాశపడి కొత్త కంప్యూటర్ రేట్లు చూడటం మొదలెడతారు. ఆగండి. టీపీఎం అంటే రహస్య తాళాలు దాచుకునే చిన్న లాకర్. 2018 నాటి చాలా మెషీన్లలో అది ప్రాసెసర్, చిప్‌సెట్‌తోనే వచ్చింది, కాకపోతే బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు ‘పీటీటీ’, ఏఎండీ వాటిలో ‘ఎఫ్‌టీపీఎం’. పేరు వేరే ఉండేసరికి మెనూలో కనిపించినా గుర్తుపట్టం. ఇక సెక్యూర్ బూట్ ఆన్ కావాలంటే విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. అమ్మది పాత ‘లెగసీ’ పద్ధతిలో, ఎంబీఆర్ డిస్క్ మీద వేసి ఉంది. ఆ రోజుల్లో చాలా అసెంబ్లింగ్ షాపుల్లో అలవాటుగా అలాగే వేసిచ్చేవాళ్లు.

డిస్క్‌ని ఎంబీఆర్ నుంచి కొత్తదైన జీపీటీకి, డేటా చెరపకుండా మార్చే టూల్ విండోస్ 10లోనే ఉంది. పేరు ‘ఎంబీఆర్2జీపీటీ’. దాంట్లో ‘వ్యాలిడేట్’ అనే ఆప్షన్ ఉంది. అది ఏమీ మార్చకుండా, మార్చడం కుదురుతుందో లేదో మాత్రం చెబుతుంది. అమ్మ డిస్క్‌కి కుదరదంది. కారణం సి, డి, ఇ డ్రైవులు! ఎంబీఆర్ డిస్క్ మీద మూడుకి మించి విభాగాలు చేస్తే చివరివి సాధారణంగా ‘ఎక్స్‌టెండెడ్’ అనే పెట్టెలోకి వెళ్తాయి. ఆ పెట్టె ఉంటే ఈ టూల్ ముట్టుకోదు. మన దగ్గర అసెంబుల్ చేసిన మెషీన్లలో సి, డి, ఇ లేనిదే చూశామా?

ముందు బీరువా, తర్వాత బయోస్

దీనికి నా దగ్గర ఉన్న జవాబు కొత్త ఎస్‌ఎస్‌డీ. 500 జీబీది, సుమారు మూడు వేలు అయింది. ఎలాగూ ఆ పాత హార్డ్‌డిస్క్ మీద విండోస్ 11 వేస్తే పొద్దున ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా తెరుచుకోదు. పాత డిస్క్ మీద ఉన్న బూట్ విభాగాన్నీ, సి డ్రైవునీ మాత్రమే ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశాను. డి, ఇలలో ఉన్న ఫైళ్లని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఒక ఇరవై ఫైళ్లు అక్కడక్కడా తెరిచి చూశాను. తర్వాత పాత హార్డ్‌డిస్క్ ఊడదీసి, గుడ్డలో చుట్టి, అమ్మ చేతికే ఇచ్చాను. ఆవిడ బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. అప్పటి నుంచి ఆవిడ ముఖంలో కంగారు సగం తగ్గింది. నా అభిప్రాయంలో అప్‌గ్రేడ్ మొత్తంలో తెలివైన పని ఇదొక్కటే: పాతది చెరపకుండా పక్కన పెట్టడం.

ఫాంట్లు బ్యాకప్ చేసేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. అందరూ విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కాపీ చేస్తారు. కానీ విండోస్ 10లో 2018 చివరి వెర్షన్ నుంచి మామూలుగా డబుల్‌క్లిక్ చేసి వేసిన ఫాంట్ ఆ యూజర్‌కి మాత్రమే ఇన్‌స్టాల్ అయి, ‘యాప్‌డేటా’ అనే దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తుంది. రెండు చోట్లా వెతకాలి.

ల్యాప్‌టాప్ వాళ్లకి ఇంకో మాట. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. టీపీఎం సెట్టింగ్ మారగానే విండోస్ ఆ కీ అడగొచ్చు. అప్పుడు అది మీ దగ్గర లేకపోతే మీ ఫైళ్లు మీవి కావు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే సాధారణంగా ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది.

క్లోన్ అయిన ఎస్‌ఎస్‌డీని మళ్లీ వ్యాలిడేట్ చేస్తే ఈసారి సరేనంది. మార్పిడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్, బూట్ అయ్యే డిస్క్ లేదని ఒక ఇంగ్లిష్ ముక్క. అమ్మ ఏమీ అనలేదు, బీరువా వైపు చూసింది. ఇలా అవుతుందని ముందే తెలుసు. జీపీటీకి మారిన విండోస్ లెగసీ పద్ధతిలో లేవదు. బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం ఆఫ్ చేసి, యూఈఎఫ్ఐ పెట్టి, పీటీటీ ఆన్ చేసి, సెక్యూర్ బూట్ ఆన్ చేశాక పాత విండోస్ 10 యథాతథంగా లేచింది. హెల్త్ చెక్ అన్నిటికీ పచ్చ టిక్కులు పెట్టింది.

అప్‌గ్రేడ్‌కి ముందే ఎస్‌ఎస్‌డీ మీద మళ్లీ డి, ఇ అక్షరాలతోనే విభాగాలు చేసి ఫైళ్లు అందులో పెట్టాను. పేజ్‌మేకర్ ఫైల్‌లో వినాయకుడి బొమ్మ ఉందంటే, చాలాసార్లు అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. డ్రైవ్ అక్షరం మారిందో, పదహారేళ్ల కార్డుల్లో వినాయకుళ్లందరూ తప్పిపోతారు.

అసలు అప్‌గ్రేడ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రింటర్, డాంగిల్, పెన్‌డ్రైవులు అన్నీ పీకేసి, కీబోర్డ్, మౌస్ మాత్రం ఉంచి మొదలెట్టాను. గంటన్నర. మూడుసార్లు రీస్టార్ట్. మీకు మధ్యలో ఆగిపోయి 1900101 అంకెలున్న ఎర్రర్ కోడ్ వచ్చిందంటే మాత్రం అనుమానం డ్రైవర్ల మీద పెట్టండి. వాడని పరికరాల డ్రైవర్లు, విడిగా కొన్న యాంటీవైరస్ తీసేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలాసార్లు కదులుతుంది.

నోట్‌ప్యాడ్‌లో తెలుగు, పేజ్‌మేకర్‌లో ఇంగ్లిష్!

విండోస్ 11 వచ్చింది. స్టార్ట్ బటన్ మధ్యలోకి పోయిందని అమ్మ విసుక్కుంది, దాన్ని ఎడమకి జరిపాను. అసలు కథ అప్పుడు మొదలైంది.

మొదటిది డాంగిల్. గుచ్చితే లైటు వెలగలేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం. ‘కోర్ ఐసొలేషన్’ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక రక్షణ ఉంది. అది ఆన్‌లో ఉంటే పాతకాలపు డ్రైవర్లని లోపలికి రానివ్వదు. దాన్ని ఆఫ్ చేసేయమని చాలామంది సలహా ఇస్తారు. పెన్‌డ్రైవుల సంతలాంటి మెషీన్‌లో రక్షణ ఆఫ్ చేయడం నాకు ఇష్టం లేదు. కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గర కాకుండా, డాంగిల్ తయారు చేసే కంపెనీ సైట్‌లో చూస్తే కొత్త డ్రైవర్ ఉచితంగానే దొరికింది. లైటు వెలిగింది.

రెండోది అసలైన తలనొప్పి. అమ్మ నోట్‌ప్యాడ్‌లో పాత ఫాంట్ పెట్టి టైప్ చేస్తే చక్కగా తెలుగు వస్తోంది. అదే పేజ్‌మేకర్‌లో టైప్ చేస్తే మామూలు ఇంగ్లిష్ కీబోర్డ్ లాగా అడ్డదిడ్డంగా పడుతోంది. ఫాంట్ ఉంది, పాత ఫైళ్లు శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. కొత్త అక్షరం మాత్రం పడదు. కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసినా అంతే. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని, “సోమవారానికి ప్రూఫ్ ఇస్తానన్నానే” అని రెండుసార్లు నెమ్మదిగా అంది. గట్టిగా అన్నా బాగుండేది.

కారణం దొరికేసరికి రాత్రి పదకొండైంది. ఇది ఎవరి తప్పూ కాదు, విండోస్ పెట్టుకున్న ఒక నియమం. పాత ప్రోగ్రాములు తమ సెట్టింగులని తాము ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే రాసుకునేవి. 2007లో జనంలోకి వచ్చిన విస్టా నుంచి ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో అలా రాయడానికి మామూలు హోదా చాలదు. అందుకని కొత్త విండోస్‌లో పేజ్‌మేకర్ మొండికేసినప్పుడు అందరూ చేసే వైద్యం ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’. ఇక్కడ మేమూ అలాగే తెరుస్తున్నాం. ఇప్పుడు చూడండి తమాషా: పేజ్‌మేకర్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఉంది, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ మామూలు హోదాలో ఉంది. తక్కువ హోదాలో ఉన్న ప్రోగ్రామ్ ఎక్కువ హోదాలో ఉన్నదాని కీబోర్డ్‌లో వేలు పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ప్రతి వైరసూ అదే పని చేస్తుంది కదా. అందుకే నోట్‌ప్యాడ్‌లో సాగింది పేజ్‌మేకర్‌లో సాగలేదు.

రెండిటినీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే సరిపోతుంది. నేను రెండిటినీ మామూలు హోదాకే దించాను. పేజ్‌మేకర్ ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కి వెళ్లి, ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే అనుమతి అమ్మ యూజర్‌కి ఇచ్చాను. అడ్మినిస్ట్రేటర్ టిక్ తీసేశాను. అమ్మ ‘శ్రీ’ కొట్టింది. ‘శ్రీ’యే పడింది.

మీ ఇంట్లో డీటీపీ లేకపోయినా ఈ సంగతి గుర్తుంచుకోండి. కీబోర్డ్ టూల్, స్క్రీన్ రికార్డర్, మౌస్ మాక్రో లాంటివి అన్ని చోట్లా పనిచేసి ఒక్క ప్రోగ్రామ్‌లోనే మొరాయిస్తుంటే ముందు హోదాలు చూడండి.

మూడోది స్కూలు ప్రశ్నపత్రాలు. ఇవి వర్డ్‌లో, యూనికోడ్ గౌతమి ఫాంట్‌లో ఉంటాయి. గౌతమి ఎక్స్‌పీ కాలం నుంచీ విండోస్‌తో వచ్చేది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే ఆప్షనల్ ఫీచర్‌లోకి పోయాయి. లేకపోతే ఆ స్థానంలో నిర్మల ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. అక్షరాలు కనిపిస్తాయి, కానీ కొలతలు వేరు కాబట్టి రెండు పేజీల పేపర్ మూడో పేజీలోకి జారుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి ఆ ఫాంట్లు వేసుకుంటే లైన్లు మళ్లీ వెనక్కి వస్తాయి.

ఇక తమ్ముడిది వేరే గొడవ. వాడు వేసుకున్న ఏదో ఎడిటింగ్ యాప్ ‘వీసీరన్‌టైమ్140 డాట్ డీఎల్ఎల్ దొరకలేదు’ అంటోంది. వాడు అప్పటికే గూగుల్‌లో వెతికి ఆ ఒక్క ఫైలు ఇచ్చే సైటు పట్టుకున్నాడు. ఆపాను. అలా ఎవరో ఇచ్చిన డీఎల్ఎల్ తెచ్చి పెట్టుకోవడమంటే రోడ్డు మీద దొరికిన మాత్ర మింగడమే. ఆ ఫైలు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ ప్యాకేజీలో భాగం. 64 బిట్ విండోస్‌లోనైనా 32 బిట్ యాప్‌లు ఉంటాయి కాబట్టి ఎక్స్86, ఎక్స్64 రెండూ వేయాలి. చాలామంది రెండోదొక్కటే వేసి ‘అయినా రావట్లేదు’ అంటారు. అమ్మ బిల్లుల ప్రోగ్రామ్ మరీ పాతది, దానికి ‘డాట్ నెట్ 3.5’ కావాల్సొచ్చింది. అది విండోస్ ఫీచర్స్‌లో ఒక టిక్ పెడితే వచ్చేస్తుంది.

యూనికోడ్‌కి మారిపోవచ్చు కదా అని అమ్మని అడిగాను. మల్లన్న, రామభద్ర, సురవరం, తిమ్మన లాంటి మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు గానీ, ఇన్‌డిజైన్‌కి వచ్చు. ఉచితంగా దొరికే స్క్రైబస్ కూడా 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో మన లాంటి లిపుల్ని సరిగా కూరుస్తోంది. అమ్మ తిమ్మన చూసి బాగుందంది, పేజ్‌మేకర్ మూయలేదు. కొత్త ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లో, పెళ్లికార్డులు పాతదాంట్లో. అంతవరకు ఒప్పందం.

గీత కింద ఉన్న మెషీన్లు

పిన్ని వాళ్ల ల్యాప్‌టాప్ 2015ది, ఐదో తరం ప్రాసెసర్. దానికి బయోస్‌లో ఏ బటన్ నొక్కినా అర్హత రాదు. తనిఖీలు తప్పించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు యూట్యూబ్‌లో బోలెడు. ప్రయోగం చేసుకునే మెషీన్ అయితే మీ ఇష్టం. అన్నం పెట్టే మెషీన్ మీద మాత్రం నేను చేయను. అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు.

లైనక్స్ మింట్ మంచి దారే. బ్రౌజర్, ఆఫీస్ పని, సినిమాలు అయితే హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ మీద వేసుకుని ఇన్‌స్టాల్ చేయకుండానే రెండు రోజులు వాడి చూడొచ్చు. కానీ బాబాయ్‌కి ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ ప్రోగ్రామ్ ఒకటుంది, అందులో నడవదు.

అందుకని ఈఎస్‌యూ పెట్టాం. విండోస్ 10కి మరో ఏడాది సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే పథకం అది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. సెట్టింగులు ఆ అకౌంట్‌కి బ్యాకప్ అయ్యేలా పెడితే డబ్బు అక్కర్లేదు. లేదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లో, 30 డాలర్లో. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్’ లింక్ ఉంటుంది, నొక్కితే రెండు నిమిషాల పని. ఇప్పుడు చేరినా, ఇంకొన్ని నెలలాగి చేరినా గడువు మాత్రం అందరికీ ఒక్కటే, 2026 అక్టోబర్ 13. ఈలోపు కొత్తది కొనడమా, ఆ ఆఫీసు ప్రోగ్రామ్ వదిలించుకుని మింట్ వేయడమా అన్నది పిన్నీ బాబాయ్ తేల్చుకోవాలి.